థర్టీటూనా, ట్వెంటీటూనా? తుపాకుల కొట్టు బల్ల వెనక నేర్చుకున్నది

ముప్ఫై నాలుగేళ్ళు నేను తుపాకులు అమ్మాను. పెళ్ళి పందిట్లో ఎవరైనా "ఏం చేస్తుంటారండీ" అని అడిగినప్పుడు ఈ మాట చెబితే పక్క కుర్చీ ఖాళీ అయ్యేది. అందుకని మా ఆవిడ నాకంటే ముందే అందుకుని "హార్డ్‌వేర్ షాపండీ" అనేసేది. నిజానికి మద్రాసు మౌంట్ రోడ్డులోని మా కొట్టు మెట్లెక్కినవాళ్ళలో రౌడీలు ఎవరూ లేరు. వాళ్ళకి మాలాంటి కొట్లతో పనిలేదు. వచ్చినవాళ్ళంతా ఏదో ఒకందుకు భయపడినవాళ్ళు. భయపడిన మనుషులతో నెమ్మదిగా మాట్లాడటమే నా ఉద్యోగం. మిగతావి, అంటే రిజిస్టర్లు, తనిఖీలు, లైసెన్సు కాగితాలు, ఈ వ్యాపారంలోకి వచ్చే మీరెలాగూ నేర్చుకుంటారు. వాటి గురించి ఇక్కడ ఒక్క ముక్క కూడా రాయను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు నన్ను కలిస్తే మొదట అడిగేది ఒకటే. "ఆత్మరక్షణకి ఏ బోరు మంచిది సార్?" కొనడానికి వచ్చేవాళ్ళు అడిగేదీ అదే. బోరంటే గొట్టం రంధ్రం కొలత. చేతి తుపాకుల్లో పెద్ద బోర్లు మన దేశంలో మామూలు మనుషులకు నిషేధం. లైసెన్సు మీద దొరికేవి ముఖ్యంగా రెండే అనుకోండి, థర్టీటూ, ట్వెంటీటూ. థర్టీటూ తూటా పెద్దది. దెబ్బ గట్టిది, చప్పుడూ ఎక్కువే, చేతిని వెనక్కి తన్నడమూ ఎక్కువే. ట్వెంటీటూ తూటా చిటికెన వేలి గోరంత లావు కూడా ఉండదు. తన్నదు, భయపెట్టదు, కానీ దెబ్బ చిన్నది, పైగా అప్పుడప్పుడూ పేలకుండా మొరాయిస్తుంది. కాగితం మీద చూస్తే థర్టీటూదే గెలుపు. మొదటి పదేళ్ళూ నేను వచ్చినవాళ్ళందరికీ కళ్ళు మూసుకుని అదే చెప్పాను. ఆ కళ్ళు ఎట్లా తెరుచుకున్నాయో చెప్పడానికే ఈ నాలుగు పేజీలూ.

కాఫీ చల్లార్చే చెయ్యి

మా మొదలాళిది, అంటే కొట్టు యజమానిది, వాషర్‌మెన్‌పేట్. ముదలాళి అనాలట, మా నోళ్ళలో మొదలాళి అయింది. మాలాగే ఎన్నో తరాల కిందట వచ్చి ఇక్కడ పాతుకుపోయిన తెలుగు కుటుంబం. ఇంట్లో మనవలు అరవంలో అడిగితే ఈయన తెలుగులో జవాబు చెప్పేవాడు. నోరు దురుసు, మనసు మెత్తన. నన్ను ఆయన తిట్టని రోజు ఉంటే ఒంట్లో బాగాలేదేమోనని నేనే అడిగేవాణ్ణి.

కొట్టుకి ఎవరొచ్చినా ముందు కాఫీ తెప్పించేవాడు. డవరా టంబ్లరులో, అంటే చిన్న గిన్నెలో పెట్టిన గ్లాసులో, పొగలు కక్కేంత వేడిగా. వచ్చినవాళ్ళు అది మర్యాద అనుకునేవాళ్ళు. మర్యాదే, కాకపోతే పరీక్ష కూడా. కాఫీ చల్లార్చుకుంటుంటే ఆయన ముఖం వైపు చూసేవాడు కాదు, చేతులు చూసేవాడు. ఎంత ఎత్తు నుంచి తిరగపోస్తున్నారు, వేళ్ళు వణుకుతున్నాయా, ఏ చెయ్యి ముందుకొస్తోంది, బల్ల మీద ఎంత ఒలికింది.

"గుండు సైజు అడిగేవాడి నోరు చూడబాక దామోదరం, చెయ్యి చూడు. ఆ చెయ్యి ఏది మోస్తే అదే వాడికి ఇయ్యాల," అనేవాడు.

ఒకసారి కోడంబాక్కం నుంచి ఒక నిర్మాత వచ్చాడు. వేళ్ళన్నిటికీ ఉంగరాలు. సంఖ్యాశాస్త్రం పిచ్చి మా ఊరిని ఊపేస్తున్న రోజులవి. పేర్లలో అక్షరాలు పెరిగేవి, తరిగేవి. థర్టీటూ అంటే మూడూ రెండూ ఐదు, అది ఆయనకి కలిసొచ్చే అంకె. ట్వెంటీటూ అంటే నాలుగు, అది పడదు. కాబట్టి థర్టీటూయే కావాలన్నాడు. కాఫీ చూస్తే సగం డవరాలోనూ సగం బల్ల మీదా ఉంది. కీళ్ళవాతం మనిషి, పిడికిలి పూర్తిగా ముడుచుకోవడం లేదు. మా మొదలాళి ఏమీ వాదించలేదు. లోపల్నుంచి ఒక పాత ట్వెంటీటూ తెప్పించి, కాగితం ముందుకు తోసి, "బోరు అంకె కూడితే సరా అయ్యా? తుపాకికి సొంత నంబరు ఉండాది. దాన్ని కూడి చూడండి," అన్నాడు. కూడితే ఐదే వచ్చింది. ఆయన కళ్ళకద్దుకుని తీసుకుపోయాడు. ఆ నంబరు కోసం మొదలాళి లోపలున్న ట్వెంటీటూలన్నిటినీ నాచేత కూడించాడని మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఇంకొకటి కూడా చెప్పి ముందుకు పోతాను. ఆయుధపూజ వెళ్ళిన వారం మా మరమ్మతు గది నిండిపోయేది. భక్తి కొద్దీ గొట్టంలోకి గంధం దించేవాళ్ళు, తూటాలు పెట్టే చక్రం సందుల్లో కుంకుమ అద్దేవాళ్ళు, కొబ్బరినూనె పోసి ఎండలో పెట్టేవాళ్ళు. ఎండిన గంధం రాయిలాగా బిగుసుకుంటుంది. మీరు కూడా ఇది చూస్తారు. తిట్టకండి, బొట్టు పిడి మీద పెట్టుకోమని చెప్పండి చాలు.

కోటిలింగం గారు

కోటిలింగం గారు మెట్లెక్కుతుంటేనే గుర్తుపట్టాను. పేరు చెబితే ఎవరికీ తెలియదు. సినిమాలో పెద్ద విలన్ కుర్చీలో కూర్చుంటే, ఆ పక్కన తుపాకి పట్టుకుని నిలబడతాడే, ఆ మనిషి. ముప్ఫై ఏళ్ళు అవే వేషాలు. గుబురు మీసం, చెంప మీద పెట్టుడు గాటు, హీరో దొరికిపోయినప్పుడు ఒక పొడుగాటి నవ్వు. ఆ నవ్వు కోసమే ఆయన్ని పిలిచేవాళ్ళు. అలాంటి మనిషి మా గుమ్మం దగ్గర ఆగి, చెప్పులు బయట విడిచి లోపలికొచ్చాడు. తుపాకుల కొట్టులోకి చెప్పులు విడిచి వచ్చిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

అది తొంభైల నడిమి మాట. అప్పటికింకా మద్రాసనే అనేవాళ్ళం. తెలుగు సినిమా హైదరాబాదు తరలిపోయి చాలాకాలమైంది. కోడంబాక్కంలో రైలుకట్టకి అవతల చిన్న ఇల్లు కట్టుకున్న కోటిలింగం గారు మాత్రం ఇక్కడే ఉండిపోయాడు. పిలుపు వస్తే రైలెక్కి వెళ్ళి, వేషం వేసి వచ్చేవాడు. పిల్లలు లేరు. భార్య భ్రమరాంబ గారు స్టూడియోల్లో ఏళ్ళ తరబడి వేషాల బట్టలు కుట్టిన మనిషి. ఇప్పుడు ఇంటి దగ్గరే జాకెట్లు కుడుతోంది.

"మా ఇంట్లో దొంగలు పడ్డారండి," అన్నాడు కుర్చీ అంచున కూర్చుని. "పట్టపగలు. గ్యాసు పొయ్యి చూడాలని ఇద్దరొచ్చారు. కత్తి చూపించి మా ఆవిడ మెళ్ళో గొలుసు తెంపుకుపోయారు. ఏడాదిన్నర అయ్యింది. లైసెన్సు రావడానికి ఇంతకాలం పట్టింది. ఈ ఏడాదిన్నరా ఆవిడకి నిద్ర లేదండి. గిన్నె కింద పడితే ఉలిక్కిపడుద్ది. ఇంట్లో తుపాకి ఉంటే పడుకుంటానంటది."

"మీరు ఇంట్లోనే ఉన్నారా అప్పుడు?"

"ఉన్నానండి." వెంటనే మాట మార్చాడు. "ఏది పెద్దదైతే అది ఇవ్వండి."

కాఫీ వచ్చింది. మూరెడు ఎత్తు నుంచి తిరగపోశాడు, ఒక్క చుక్క ఒలకలేదు. చెయ్యి రాయిలా ఉంది. ఇంక అనుమానమేముంది, థర్టీటూ అనుకున్నాను. అయినా కొనేముందు కాల్చి చూడటం మా కొట్టు పద్ధతి. ఊరి చివర ఒక క్లబ్బువాళ్ళకి కాల్పుల మైదానం ఉండేది. అక్కడి తుపాకులతోనే కాల్పించేవాళ్ళం. ఆదివారం పొద్దున రమ్మన్నాను.

నాలుగు ఆదివారాలు

భార్యాభర్తలిద్దరూ వచ్చారు. ఆవిడ చేతిలో టిఫిన్ క్యారియరు, కుట్టుపని సంచి. రేకుల కప్పు కింద బెంచీ మీద కూర్చుని జాకెట్టుకి హుక్సులు కుట్టుకోవడం మొదలుపెట్టింది. నేను కోటిలింగం గారి చేతికి క్లబ్బు థర్టీటూ ఇచ్చి, పదడుగుల దూరంలో అట్ట పెట్టాను.

ఆరు గుండ్లు పేల్చాడు. అట్టకి ఒక్కటీ తగల్లేదు. పేలిన ప్రతిసారీ ఆయన చెయ్యి భుజం దాకా ఎగిరింది. థర్టీటూ అంత ఎగరెయ్యదు. గమ్మత్తుగా ఉందే అనుకుని మా పాత ఉపాయం ఒకటి వేశాను. చక్రంలోని ఆరు గదుల్లో రెండిట్లో కాల్చేసిన ఖాళీ డొప్పలు పెట్టి, ఏ గదుల్లోనో చెప్పకుండా చేతికిచ్చాను. ఖాళీ డొప్ప దగ్గర తుపాకి టిక్కుమంది. చప్పుడు లేదు, తన్నూ లేదు. ఆయన చెయ్యి మాత్రం గాల్లోకి లేచింది.

అప్పుడు అర్థమైందనుకున్నాను. సినిమాల్లో వాడే డమ్మీ తుపాకి తన్నదు కదా. పేలినట్టు కనబడాలంటే నటుడే చెయ్యి ఎగరెయ్యాలి. ముప్ఫై ఏళ్ళ అలవాటు, చేతిలోంచి ఎక్కడికి పోతుంది?

"షాట్ ఓకే అయిపోయింది సార్, ఇంక యాక్షన్ వద్దు," అన్నాను. ఆయన సిగ్గుపడ్డాడు.

ఆ రోజే ట్వెంటీటూకి మార్చాను. తన్నని తుపాకి కాబట్టి, తన్నడం లేదని చేతికే తెలిసొస్తుందని. అది మంచి ఆలోచనే. రెండో ఆదివారానికి చెయ్యి మోచేతి దగ్గర ఆగింది, మూడోవారం మణికట్టు దగ్గర. నాలుగో ఆదివారం ఆరింటికి ఐదు అట్టలో పడ్డాయి. అంత చెయ్యి తిరిగిన ఆనందంలో నేను కాస్త చొరవ తీసుకున్నాను.

"సార్, ఈ సందర్భంలో ఆ నవ్వు ఒకసారి నవ్వండి. మా ఇంట్లో చెప్పుకుంటాను."

"ఇప్పుడది రావడం లేదండి," అని తుపాకి బల్ల మీద పెట్టేశాడు. వయసు మీద పడుతోంది, వేషాలు తగ్గాయి, బాధ ఉంటుందిలే అనుకుని ఊరుకున్నాను.

ఆ నాలుగు ఆదివారాల్లో నేను కళ్ళారా చూసి కూడా పట్టించుకోనిది ఇంకొకటుంది. గిన్నె పడితే ఉలిక్కిపడుతుందన్న మనిషి, ఇరవై అడుగుల దూరంలో తుపాకులు పేలుతుంటే తల ఎత్తలేదు. ఒక్కసారి కూడా ఆవిడ సూది ఆగలేదు. అంత చప్పుడులోనూ దారం కొరికి, ముడి వేసి, ఇంకో హుక్కు అందుకునేది. నాలుగోవారం నాకు పులిహోర పెడుతూ, "మీ బావగారికి గురి కుదిరింది కదా తమ్ముడూ, ఇంక నాకు ధైర్యమే," అంది. నేను పులిహోర బాగుందన్నాను.

ట్వెంటీటూ రివాల్వరు కొన్నారు. దానికో చిన్న తాళం పెట్టె కూడా ఇచ్చాను. నా లెక్కలో అది చక్కగా ముగిసిన కేసు.

నాలుగో రోజు

కొన్న నాలుగో రోజు పొద్దున మేము కొట్టు తెరిచేసరికి కోటిలింగం గారు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో గుడ్డసంచి, సంచిలో పెట్టె. చెప్పులు విడవడం మర్చిపోయి లోపలికొచ్చాడు.

"ఇది మీరు తీసుకోండి," అన్నాడు.

కాఫీ తెప్పించాను. ఈసారి ముట్టుకోలేదు.

"తెల్లారగట్ల కుళాయికి నీళ్ళొస్తాయి కదండీ. ఆవిడ లేచి పెరటి తలుపు తీసింది. నేను కుర్చీలో కునుకుతున్నాను. చప్పుడికి మెలకువొచ్చింది. వచ్చేసరికి ఇది నా చేతిలో ఉంది. ఎప్పుడు తీశానో తెలీదు. పెరట్లోంచి ఎవరో వస్తా ఉన్నారు, నీడ కనపడతా ఉంది. చెయ్యి ఎగరలేదండి దామోదరం గారూ. మీరు నేర్పినట్టే నిబ్బరంగా నిలబడింది. వేలు కూడా బిగిసింది. ఇంతలో బిందె గుమ్మానికి తగిలి ఠంగుమంది. అప్పుడు తెలిసింది ఆవిడని."

"ఆమె చూసిందా?"

"లేదు. బిందె దించుకుని వంటింట్లోకి పోయింది. నాకు ఒళ్ళంతా చెమట."

నాకూ పట్టింది చెమట. నాలుగు ఆదివారాలు కష్టపడి ఆ చేతికి గురి కుదిర్చింది నేనే. థర్టీటూ ఇచ్చి ఉంటే గుండు కప్పులోకి పోయేదేమో. చేతికి తగిన బోరు ఇచ్చానని మురిసిపోయాను. ఆ చేతికి తగినదే కాబట్టి ఆ తెల్లవారుజామున భ్రమరాంబ గారు బతికి బయటపడటం ఒక ఇత్తడి బిందె పుణ్యం అయింది.

"రాత్రంతా కుర్చీలోనే కూర్చుంటారా మీరు?" అని అడిగాను. ఈ ప్రశ్న మొదటిరోజే అడగాల్సింది.

"ఆవిడకి భయం కదండీ. కాపలా ఉంటాను." తరవాత గొంతు తగ్గించాడు. "ఆ రోజు కత్తి పట్టుకున్నవాడు నన్ను గుర్తుపట్టాడు. సినిమాలో నవ్వుతావే, ఆ నవ్వు నవ్వు అన్నాడు అరవంలో. కత్తి ఆవిడ మెడ మీదుంది. నవ్వాను. సరిగ్గా రాలేదు. మళ్ళీ నవ్వమన్నాడు. మళ్ళీ నవ్వాను. వాళ్ళిద్దరూ నవ్వుకుంటా వెళ్ళిపోయారు."

నేను మైదానంలో అడిగిందీ అదే. లేచి ఆయన భుజం మీద చెయ్యి వేద్దామనుకున్నాను. అంత చనువు ఉందో లేదోనని ఆగిపోయాను. ఆ రోజు ఆగిపోయినందుకు ఇప్పటికీ బాధపడతాను.

ఆయన కోరింది ఒకటే. రివాల్వరు కొట్టులో ఉంచుకోవాలి, ఆవిడకి మాత్రం తెలియకూడదు. "అది ఇంట్లో ఉందన్న ధైర్యంతో మొన్నట్నుంచి కంటినిండా పడుకుంటోంది. ఆ ధైర్యం తీసెయ్యలేను," అన్నాడు. ఆయుధాన్ని డీలరు దగ్గర భద్రంగా దాచుకునే ఏర్పాటు చట్టంలో ఉంది. మేము తీసుకున్నాం. ఖాళీ పెట్టెకి తాళం వేసుకుని, అదే సంచిలో పెట్టుకుని ఆయన ఇంటికి పోయాడు.

మా మొదలాళి అంతా విని, ఆయన వెళ్ళేదాకా ఆగి, నా వైపు తిరిగాడు.

"చెయ్యి చూసినావు. బోరు చూసినావు. నాలుగు వారాలు ఎండలో నిలబడినావు. ఆ ఇంట్లో తెల్లార్తో ముందు ఎవురు లేస్తారో అడిగినావా?"

"లేదు."

"నేనూ అడగలే. ఇన్నేండ్లుగా ఎవుర్నీ అడగలే," అన్నాడు. తప్పు చేసినా ఆయన నన్ను తిట్టకపోవడం అదే మొదలు. అది తిట్టుకన్నా గట్టిగా తగిలింది.

ఆ రోజు నుంచి మా కొట్టులో కాఫీతో పాటు కొన్ని ప్రశ్నలు వచ్చి చేరాయి. మీ ఇంట్లో ఎంతమంది? తెల్లవారుజామున ముందు లేచేదెవరు? బయటికి పోయి ఆలస్యంగా వచ్చేదెవరు? పిల్లలున్నారా? ఇవన్నీ తేలాకే బోరు మాట. కొందరు విసుక్కునేవాళ్ళు. విసుక్కోనివ్వండి. ఈ నాలుగు మాటలకు జవాబు చెప్పేటప్పటికి సగంమంది తమంతట తామే ఆలోచనలో పడి, ఇంటికి పోయి మాట్లాడుకుని వస్తామనేవాళ్ళు. కొందరు తిరిగి వచ్చేవాళ్ళు కాదు. అమ్మకం పోయిందని నేనెప్పుడూ ఏడవలేదు. మీరూ ఏడవకండి.

ప్రతి నెలా మొదటి శనివారం

కోటిలింగం గారు ప్రతి నెలా మొదటి శనివారం వచ్చేవాడు. నేను రివాల్వరు తెచ్చి బల్ల మీద గుడ్డ పరిచి పెట్టేవాణ్ణి. తానే విప్పి, తుడిచి, నూనె వేసి, మళ్ళీ బిగించేవాడు. దాన్ని కాల్చాలని ఎప్పుడూ అడగలేదు. కాఫీ తాగి, లోకం సంగతులు మాట్లాడి వెళ్ళేవాడు. నెలలు గడిచేకొద్దీ కళ్ళకింద నలుపు తగ్గింది. బుగ్గలు కాస్త నిండాయి. ఒకసారి "కుర్చీ మానేశానండీ, మంచమ్మీదే పడుకుంటున్నా," అన్నాడు. "ఆవిడ నిద్రపోతే నాకూ పడుతోంది. ఆవిడ భయమే నాకు అంటుకుంది అప్పట్లో."

అట్లా రెండేళ్ళు గడిచాయి. తర్వాత మా మొదలాళి పోయాడు. పోవడానికి ముందురోజు కూడా వేలిముద్ర పడిన గొట్టం చూసి నన్ను తిట్టాడు. కొట్టు మూసేస్తారని బజారులో ఒక పుకారు లేచింది. ఆ వారంలోనే, మామూలు పనిదినాన, భ్రమరాంబ గారు ఒక్కర్తీ వచ్చింది. కోటిలింగం గారు వేషానికని హైదరాబాదు వెళ్ళాడట.

"కొట్టు మూసేస్తారంటగా తమ్ముడూ?"

"లేదమ్మా. పెద్దాయన అల్లుడు నడుపుతాడు. నేనూ ఉంటాను."

"నిజంగానా? అమ్మయ్య," అని కుర్చీలో కూలబడింది. "మరి మీరు మూసేస్తే అది ఇంటికి తెచ్చుకోవాలి కదా అని నాలుగు రోజుల్నుంచి ఒకటే గుబులు."

"ఏదమ్మా?" అన్నాను. మాట ఇచ్చాను కదా, అమాయకంగా ముఖం పెట్టడానికి ప్రయత్నించాను.

"మీ బావగారికన్నా అన్యాయం, తమ్ముడూ, మీ యాక్షను," అని నవ్వింది. "రివాల్వరు. ఇక్కడేగా ఉంది."

ఇంక దాచి లాభం లేదు. కాఫీ చెప్పాను. ఆవిడ చల్లార్చుకుంటూ మెల్లగా అంది. "నాకెందుకు భయం? గొలుసు పోయింది, పోనీ. నాలుగు రోజులు ఏడ్చాను, అయిపోయింది. ఆయనకే, పాపం. ఆ వెధవలు నవ్వించారు కదా ఆయన్ని. ఆ రోజు నుంచి తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఎందుకండీ అంటే చెప్పడు. భయమని ఆయన నోటితో ఆయన అనగలడా? మగాడు, అందులోనూ విలను. అందుకని నాకే భయంగా ఉందన్నాను. గిన్నె పడితే ఉలిక్కిపడేదాన్ని. నాకోసం కూర్చున్నాడంటే మర్యాదగా ఉంటుంది కదా. నా కోసమే కొన్నాడు, నా కోసమే దాచాడు."

నాలుగు ఆదివారాలు ఆగని ఆ సూది అప్పుడు నా కళ్ళ ముందు ఆడింది. ఎదురుగా ఉన్న మనిషి చెప్పేది ఎవరి భయమో తెలుసుకోకుండా బోరు చెప్పకండి. ఈ రాతలో మీరు గుర్తు పెట్టుకోవాల్సింది ఇంతే. అదీ నాకు ఎవరూ చెప్పలేదు, జాకెట్లు కుట్టే ఆవిడ చెబితే తెలిసింది.

"ఇంట్లో లేదని ఎప్పుడు తెలిసిందమ్మా?"

"ఇక్కడికి తెచ్చిచ్చిన రోజు సాయంత్రమే. నా పెద్ద కత్తెర కనపడలేదు. కోట్లు కోసే కత్తెర, ఇంత బరువుంటది. ఇల్లంతా వెతికాను. బీరువాలో ఆ పెట్టె ఎత్తి చూస్తే లోపల కదిలింది. ఆ చప్పుడు నాకు తెలియదా? ముప్ఫై ఏళ్ళు చేత్తో పట్టిన కత్తెర. నేను పెట్టె ఎత్తినా తేలిగ్గా ఉండకూడదని అందులో పెట్టి తాళం వేశాడు. మరి నెలనెలా మీ కొట్టుకే వస్తుంటే అది ఇంకెక్కడుంటుంది?"

"అడగలేదా మరి?"

"టి. నగర్ వెళ్ళి కొత్త కత్తెర కొనుక్కున్నాను. ఇప్పటికీ రోజూ పడుకునేముందు ఆ పెట్టె బయటికి తీసి, నాకు కనబడేటట్టు తాళం ఒకసారి లాగి చూసి, మళ్ళీ బీరువాలో పెడతాడు. 'ఉందే, పడుకో' అంటాడు. నేను 'సరేనండీ' అని అటు తిరిగి పడుకుంటాను. రెండు నిమిషాల్లో గురక మొదలవుద్ది. ఇప్పుడు నేను కత్తెర అడిగాననుకో, మళ్ళీ ఆ కుర్చీ తెచ్చి తలుపు దగ్గరేసుకుంటాడు."

కాఫీ తాగి, టంబ్లరు డవరాలో బోర్లించి, తను వచ్చిన సంగతి ఆయనకి చెప్పొద్దని మాట తీసుకుని వెళ్ళింది. అట్లా ఆ ఇంట్లోవాళ్ళిద్దరి రహస్యాలూ నా దగ్గరే ఉండిపోయాయి.

తర్వాతి మొదటి శనివారం కోటిలింగం గారు మామూలుగా వచ్చాడు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచాడు. నేను గుడ్డ పరిచి రివాల్వరు పెట్టాను. తుడుస్తూ తుడుస్తూ, "ఏవన్నా అనండి దామోదరం గారూ, ఇది ఇంట్లో ఉందనుకుంటే ఆడవాళ్ళకి అదో ధైర్యం," అన్నాడు. అవునండీ అన్నాను. ఆయన నూనె వేసి బిగించి ఇస్తే, చక్రం తిప్పి ఖాళీగా ఉందని చూసుకుని లోపల పెట్టి వచ్చాను.